కార్డీలియా సంతకం



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆయన్ను బతికున్నన్నాళ్ళూ మేమెవరం పేరు పెట్టి పిలిచి ఎరగం. సారు అనేవాళ్ళం, అంతే. ఈ పూటా అట్లే అంటాను. ముందు వరసల్లో కూచున్నవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర ఇంగ్లీషు దిద్దుకున్నవాళ్ళే కనక ఏ సారు అని ఎవరూ అడగరు.

షేక్‌స్పియర్ దృశ్యాన్ని ఈ కాలంలో, ఈ నేల మీద తిరగచెప్పడం గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క దృశ్యం దగ్గరే ఆగిపోతాను. లియర్ రాజు నాటకం, మొదటి అంకం, మొదటి రంగం. నలభై ఏళ్ళకు పైగా నన్ను వదలకుండా పట్టుకున్నది అదొక్కటే. ఎందుకు పట్టుకుందో కూడా ఈ సభలో చెప్పక తప్పదు.

1979. ద్రోణాచలం స్టేషన్లో మీటర్‌గేజి బండ్లు ఆగే రోజులు. పెద్దవాళ్ళ నోట ఈ ఊరు డోన్ కాదు, ద్రోణాచలమే. మా ఇంటర్ తరగతిలో నాపరాళ్ళు పరిచిన నేల, కిటికీకి ఒక రెక్క లేదు. సారు చేతిలో చార్లెస్ లాంబ్, ఆయన అక్క మేరీ లాంబ్ కలిసి పిల్లల కోసం 1807లో వేసిన షేక్‌స్పియర్ కథల పుస్తకం. ముసలి రాజు, ముగ్గురు కూతుళ్ళు. రాజ్యం పంచిపెట్టి విశ్రాంతి తీసుకోవాలనుకుంటాడు. పంచేముందు ఒక్కొక్క బిడ్డనూ అడుగుతాడు, నేనంటే నీకెంత ప్రేమ అని. పెద్దది చెప్పింది. నడిపిది అంతకు మించి చెప్పింది. అక్కడ సారు పుస్తకం మూసి, రెండో బెంచీలో ఒక అమ్మాయిని లేపినారు. “చిన్న కూతురు ఏం చెప్పిందమ్మా?”

ఆ పిల్ల వాళ్ళ నాయన గనిలో రాయి కొట్టేవాడు. తెల్లారేలోపల ఇంటి పనంతా చేసి, నాలుగు మైళ్ళు నడిచి వచ్చేది. పాఠం చదువుకోలేదు. లేచి నిలబడి, తల వంచుకుని, “ఏం లేదు సార్” అనింది.

తరగతి నవ్వింది. నేనూ నవ్వినాను. సారు నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని, ఇంగ్లీషు క్లాసులో, నల్లబల్ల మీద తెలుగులో రాసినారు: ఏం లేదు నాయనా. ‘సార్’ తీసేసి ‘నాయనా’ పెట్టినారు. “లాంబ్ పుస్తకంలో ఈ మాట లేదు. అసలు నాటకంలో ఉంది. ఆ రాజు బిడ్డ వాళ్ళ నాయనకు చెప్పింది ఇదే. కూచో తల్లీ, నీ జవాబు కరెక్టు” అన్నారు.

లాంబ్ కథలో చిన్న కూతురు కార్డీలియా జవాబు ఒక్క వాక్యంలో సాఫుగా సాగిపోతుంది. బిడ్డగా ఎంత ప్రేమించాలో అంత ప్రేమిస్తాను, ఎక్కువా లేదు తక్కువా లేదు అంటుంది. నాటకంలో అంతకు ముందు ఒక మెట్టుంది. అక్కల కంటే పెద్ద భాగం గెలుచుకునేందుకు నువ్వేం చెబుతావని తండ్రి అడిగితే, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదంటుంది. ఆ ముసలాయనకు అర్థం కాక అదే మాట తిరగ అడుగుతాడు. ఆమె అదే మాట తిరిగి చెబుతుంది. నాటకం మొత్తం ఆ చిన్న మాట మీద విరిగిపోతుంది.

మన సీమలో ఆ మాటకున్న బరువు ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. అత్తగారింటి నుంచి బిడ్డ ఫోన్ చేస్తుంది. ఏమ్మా ఈ వేళప్పుడు చేసినావంటే, “ఏం లేదు నాయనా, ఊరికే” అంటుంది. నాయన గొంతు వినాలనిపించి చేసింది, లేదా ఆ ఇంట్లో ఏదో జరిగి చేసింది. రెండిటికీ మాట ఒకటే. చేను ఎండిపోయిన రైతును పలకరిస్తే అదే మాట. మూడు రోజుల జ్వరంతో పొయ్యి దగ్గర కూచున్న అవ్వను అడిగినా అదే మాట. నోరు తెరిచి ప్రేమను చెప్పుకునే అలవాటు మనకు తక్కువ. చెప్పలేనిదంతా ఆ రెండు ముక్కల్లో మూటగట్టి పెడతాం. బ్రిటన్ రాజు బిడ్డ అయినా, కార్డీలియా మన పిల్లలాగే మాట్లాడిందని సారుకు ఆ రోజు తెలిసింది. ఆయన ద్వారా మాకు తెలిసింది.

ఈ కథ షేక్‌స్పియర్ పుట్టించింది కాదు. పన్నెండో శతాబ్దంలోనే మన్మత్ జెఫ్రీ తన బ్రిటన్ రాజుల చరిత్రలో రాసినాడు. షేక్‌స్పియర్‌కు ముందే లండన్లో పేరు తెలియని ఒక రచయిత నాటకంగా ఆడించినాడు. మన ఇళ్ళలోనూ దీని చుట్టాలు తిరుగుతున్నాయి. నాయనా, నువ్వంటే నాకు ఉప్పంత ఇష్టం అని చెప్పి ఇల్లు వదిలి పోవాల్సి వచ్చిన బిడ్డ కథ ఒకటి. ఎవరి చలవ వల్ల తింటున్నారని రాజు అడిగితే, మీ చలవ అని అక్కలంటారు, నా రాత వల్ల తింటున్నానని చిన్నది అంటుంది, అది ఇంకొకటి. మన కథల్లో ఆ చిన్న బిడ్డకు ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉంటుంది, ఉప్పనో రాత అనో. జవాబే లేకుండా ఆమెను నిలబెట్టినవాడు షేక్‌స్పియర్.

ఆ దృశ్యం తెలుగు తెరకు వచ్చింది కూడా మన పక్క ఊరి మనిషి చేతి మీదుగానే. గుత్తి మీదుగా పోతే పూటలో చేరే తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి, లోకానికి కె.వి. రెడ్డి. వాహిని సినిమా సంస్థలో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసిన మనిషి ‘భక్త పోతన’, ‘యోగి వేమన’ తీసి, 1949లో ‘గుణసుందరి కథ’ తీసినాడు. వాహిని అధినేత బి.ఎన్. రెడ్డి కడప జిల్లా మనిషి. అదే తాడిపత్రిలో 1880లో పుట్టిన ఇంకొకాయన బళ్ళారి రాఘవ. బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఆ నాటకాలు ఆడినాడు. వృత్తికి వకీలు, ప్రాణం మాత్రం రంగస్థలం. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసినవాడు. నాటకం కన్నీళ్ళతో ముగియవచ్చునని తెలుగువాళ్ళను ఒప్పించింది ఈ ఎండిన నేల మనుషులే. ఇది మనం తరచూ మరిచిపోతుంటాం. పెనుగొండలో ఒక ఇంగ్లీషు అధికారి భార్య పిట్ దొరసాని దగ్గర కూచుని షేక్‌స్పియర్ చదువుకున్న కుర్రవాడే తర్వాత మన పుట్టపర్తి నారాయణాచార్యులు అయినాడు. షేక్‌స్పియర్ ఈ సీమకు పరాయివాడేమీ కాదు.

‘గుణసుందరి కథ’కు కథ, మాటలు పింగళి నాగేంద్రరావు. ఉగ్రసేన మహారాజుకు రూపసుందరి, హేమసుందరి, గుణసుందరి ముగ్గురు కూతుళ్ళు. నిండు సభలో, వేడుక పూట తండ్రి అడుగుతాడు. పెద్దకూతుళ్ళిద్దరూ తండ్రిని ఆకాశానికెత్తుతారు. గుణసుందరి వంతు వస్తే, ఆడదానికి భర్తే సర్వస్వమని చెబుతుంది. తండ్రి మండిపడి ఆమెను దైవాధీనం అనే వికృతరూపుడికి కట్టబెడతాడు. ఆ పాత్ర కస్తూరి శివరావు, గుణసుందరి శ్రీరంజని. తర్వాత శాపాలు, మహేంద్రమణి, ఎలుగుబంటి, చివరికి సుఖాంతం. సినిమాగా దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

అయితే ఆ సభా దృశ్యం దగ్గర సారుకూ నాకూ చాలా చర్చ జరిగింది. పింగళి అసలు కథను పాడుచేసినాడని నేను ఆవేశంగా అన్నాను. నోరు కట్టేసుకున్న పిల్ల చేత పాతివ్రత్యం మీద ఉపన్యాసం ఇప్పించినాడన్నాను. సారు నా చేత నాటకం మళ్ళీ చదివించినారు. చదివితే సిగ్గేసింది. ఏమీ లేదని చెప్పిన కాసేపటికే కార్డీలియా ఒక తర్కం తీస్తుంది: మా అక్కలు తమ ప్రేమంతా మీకే ఇచ్చేస్తే వాళ్ళకు మొగుళ్ళెందుకు? రేపు నేను పెళ్ళి చేసుకుంటే నా ప్రేమలో సగం ఆయనతో పోతుంది కదా అంటుంది. పింగళి పట్టుకున్నది ఆ సగాన్నే. ఆ దారపు పోగు నాటకంలో ఉంది. ఆయన దాన్ని లాగి మొత్తం చీరె నేసినాడు. సగం అన్న చోట సర్వస్వం అనిపించినాడు. 1949 నాటి తెలుగు ప్రేక్షకుడికి తండ్రిని ఎదిరించే కూతురు చెడ్డదిగా కనబడకూడదు. ఆమె తరఫున ధర్మం నిలబడితే తప్ప ఆమెను ప్రేమించరు. పింగళికి అది తెలుసు.

అయినా పోయింది పోయిందే. తండ్రి పెత్తనం నుంచి బయటపడేందుకు ఆ బిడ్డ మొగుడి పెత్తనాన్ని అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. షేక్‌స్పియర్ కార్డీలియా సగం అన్నప్పుడు మిగతా సగం తండ్రికీ ఉంది, ఆ లెక్క వేసే అధికారం ఆమెకే ఉంది. గుణసుందరి దగ్గర ఆ లెక్క లేదు. ‘ఏం లేదు’ కూడా లేదు.

సుఖాంతం గురించి ఎవరైనా పింగళిని తప్పుబడితే మాత్రం ఒప్పుకోను. పాత కథలో లియర్ రాజ్యం తిరిగి గెలుచుకుంటాడు. దాన్ని చీకటి చేసింది షేక్‌స్పియరే. ఆ చీకటిని ఇంగ్లీషువాళ్ళే తట్టుకోలేకపోయినారు. 1681లో నాహుమ్ టేట్ కార్డీలియాను బతికించి, పెళ్ళి చేసి ముగించిన నాటకమే వాళ్ళ రంగస్థలం మీద నూటయాభై ఏళ్ళు నడిచింది. 1838లో నటుడు మెక్రెడీ పూర్తిగా అసలు నాటకానికి తిరిగొచ్చేదాకా ఇంగ్లండు ప్రేక్షకుడు చూసింది ఒక రకమైన గుణసుందరి కథే.

ఇక పటం సంగతి. షేక్‌స్పియర్ నాటకాన్ని 1606 డిసెంబర్ 26న జేమ్స్ రాజు కొలువులో ఆడినారు. ఇంగ్లండునూ స్కాట్లండునూ ఒక్కటి చేయాలని ఆరాటపడుతున్న రాజు ముందు, రాజ్యాన్ని మూడు ముక్కలు చేసిన రాజు కథ. మొదటి రంగంలో లియర్ తన రాజ్యం పటం తెప్పించుకుంటాడు. గీత గీసి, ఈ అడవులు, ఈ నదులు, ఈ పచ్చిక నీకు అంటాడు. ఆ పటం సంగతి మన సీమకు చెప్పనక్కర్లేదు. 1800లో నిజాం ఈ ప్రాంతంలో ఎక్కువ భాగాన్ని కుంపిణీకి రాసిచ్చినాడు, తనకు కాపలా కాసే పటాలాల ఖర్చు కింద. అప్పటి నుంచి మనం దత్తమండలాలం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు పెట్టేదాకా ఇచ్చేసిన నేల అన్నదే మన పేరు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాఘవ ఆడిన బళ్ళారి గీతకు అవతల ఉండిపోయింది. నేల చేతులు మారేటప్పుడు ఆ నేల మీది మనిషిని ఎవరూ అడగరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

వేరే దేశాల్లో తిరగచెప్పినవాళ్ళు ఏం చేసినారో చూడటం మంచిది. జపాన్‌లో కురొసావా 1985లో ‘రాన్’ తీసినాడు. ఆ దేశపు పాత యుద్ధకాలంలో కూతుళ్ళకు భూమి పంచడం నమ్మశక్యం కాదు కాబట్టి కొడుకులను పెట్టినాడు. అమెరికాలో జేన్ స్మైలీ 1991లో అయోవా రాష్ట్రంలో వెయ్యి ఎకరాల రైతు కథగా రాసింది. ఆమె చూపిన తెగువ ఏమిటంటే, కథను పెద్దకూతురి నోట చెప్పించింది. పొగిడిన బిడ్డ వైపు కూడా ఒక కథ ఉంటుందని చూపించింది. ఈ ఇద్దరూ తమ నేల మీద భూమి ఎట్లా చేతులు మారుతుందో తెలుసుకుని కథను కదిలించినారు. కోటను ఆఫీసు చేసి, రాజుకు కోటు తొడిగితే దృశ్యం ఈ కాలానికి రాదు. మా ఊళ్ళో భూమి ఎక్కడ, ఏ బల్ల మీద, ఎవరి వేలితో చేతులు మారుతుందన్నది చూడాలి.

మన దగ్గర ఆ బల్ల సబ్‌రిజిస్ట్రారాఫీసులో ఉంటుంది. పాస్‌పుస్తకం, అడంగల్, ఈసీ, ఆధార్ పట్టుకుని ముసలాయన వస్తాడు. బయట దస్తావేజు రైటరు ఉంటాడు. దాన సెటిల్‌మెంటు రాయించడమంటే ఏమిటో ఎప్పుడైనా జాగ్రత్తగా విన్నారా? అందులో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది, నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత అని. ఎవరు రాయించినా, ఎవరికి రాయించినా ఆ మాట మారదు. లియర్ పెద్దకూతుళ్ళు గోనెరిల్, రీగన్ సభలో చేసిన ప్రసంగం ఈరోజు రైటరు దగ్గర తయారుగా ఉంది. పేర్లు, సర్వే నంబర్లు మారతాయి, ప్రేమ మారదు. ఈ సంగతి గమనించిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి నాటకంలో రాజు బిడ్డల నోట కోరుకున్న మాట మన కాగితాల్లో అచ్చు పడి ఉంది.

లియర్ ఇచ్చేసిన తర్వాత నూరుమంది సైనికులను అట్టిపెట్టుకుంటాడు. కూతుళ్ళు ఆ నూరును యాభై చేస్తారు, ఇరవై అయిదు చేస్తారు, పది, అయిదు, చివరికి ఒక్కడు కూడా ఎందుకంటారు. మన ముసలాయనకు నూరుమంది ఉండరు. వేపచెట్టు కింద నులక మంచం ఉంటుంది. పొద్దున కాఫీ, బీడీలకు డబ్బు, పెట్టె తాళంచెవి, ఫోన్‌లో రీఛార్జి. ఒక్కొక్కటే పోతుంది. మంచం చెట్టు కింద నుంచి గేదెల పాకలోకి మారుతుంది. మన ప్రేక్షకుడికి ఆ మంచం నాలుగు అడుగులు జరిగితే చాలు, నూరుమంది సైనికులు వెళ్ళిపోయినట్టే.

తుపాను దృశ్యం ఇంకా కష్టం. అక్కడ బిడ్డలు గెంటేస్తే రాజు గాలివానలో తడుస్తాడు, వాన అతనికి శిక్ష. డోన్ ప్రేక్షకుడు వాన చూస్తే జాలిపడడు, విత్తనాల గురించి ఆలోచిస్తాడు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాలు వెతికేందుకు జనం బయలుదేరతారు. మన లియర్ రోహిణి కార్తెలో బయటికి రావాలి. నాపరాళ్ళ మీద కాళ్ళు కాలుతుంటే, నీడ లేని బేతంచెర్ల రోడ్డు మీద నడవాలి. మేఘాన్ని తిట్టే రాజు మన దగ్గర మేఘం కోసం చూస్తాడు, అది రాదు.

మన లియర్‌కు చట్టం కూడా ఒకటి ఉంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ రాతను రద్దు చేయించవచ్చు. అర్జీ ఆర్డీవో ముందుకు పోతుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడి డోన్ రెవెన్యూ డివిజన్ అయినాక, ఆ ఆర్డీవో ఇక్కడే కూచుంటాడు. ఆ షరతు ఉండితీరాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ముసలివాళ్ళకు మేలు జరిగేట్టు ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలంది. అంటే మన లియర్‌కు రెండో అంకంలో ఒక ఆఫీసు మెట్లుంటాయి. చేతిలో అర్జీ ఉంటుంది. ప్రేమాభిమానముల చేత రాసిచ్చిన కాగితంలో షరతు రాసి ఉందా లేదా అని ఇంకొకరు వెతుకుతారు.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెబుతారు. సారు ఉండి ఉంటే ఇక్కడ ఆపి, ఇప్పుడు అసలు సంగతి చెప్పు అనేవారు.

లియర్‌కు కొడుకుల్లేరు. అందుకే కూతుళ్ళకు పంచే సమస్య వచ్చింది. మన ఇళ్ళలో కొడుకులుంటారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 హిందూ వారసత్వ సవరణ చట్టం, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చి, ఆ తేదీకి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు అనే తేడా అప్పుడు పోయింది. చట్టం వచ్చింది కాబట్టి పరీక్షా వచ్చింది. ఆ పరీక్షకు మన దగ్గర ఇంకో పేరుంది, హక్కు విడుదల. ఆడబిడ్డ వచ్చి, నా వాటా అన్నదమ్ములకు వదులుకుంటున్నాను అని సంతకం పెట్టాలి. లియర్ ప్రేమ చెప్పిన బిడ్డకు భూమి ఇచ్చినాడు. మనం భూమి వదిలిన బిడ్డకే ప్రేమ ఉందంటాం. సంతకం పెడితే పుట్టింటి తోవ తెరిచి ఉంటుంది, పండగకు చీరె ఉంటుంది. పెట్టకపోతే అన్న మీద కేసు వేసిన ఆడదవుతుంది. ప్రేమ వేరు, సంతకం వేరు అని నిలబడగలిగిన ఆడపిల్లే మన కాలపు కార్డీలియా.

మా చెల్లెలు 1985 నాటికి పెళ్ళికాని పిల్ల. పెళ్ళి 1988లో చేసినాం. 1993లో మాకు బోరు వేయడానికి అప్పు కావాల్సి వచ్చింది. కొత్త చట్టం వచ్చింది, ఆడపిల్ల సంతకం లేకపోతే రేపు ఇబ్బంది అని రైటరు చెప్పినాడు. అది ఏ ఊరో, ఏ ఆఫీసో ఇక్కడ అక్కర్లేదు. మా నాయన చెల్లెలికి కబురు పంపించినాడు. మొదటి బస్సుకు వచ్చింది, ఏడాది పిల్లను చంకనేసుకుని. ఆఫీసు ముందు వేపచెట్టు. రైటరు రేకుపెట్టె మీద కాగితాలు పెట్టుకుని దస్తావేజు చదివినాడు, పెళ్ళిలో మంత్రాలు చదివినంత వేగంగా. ఆ ప్రేమాభిమానములు వచ్చినప్పుడు మా చెల్లెలు ఒకసారి తలెత్తింది. ఎవరి వైపూ చూడలేదు, కాగితం వైపు చూసింది. మా నాయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. సంతకం వేళకు బిడ్డను నా చేతికిచ్చింది. బడిలో నేర్చుకున్న అక్షరాలతో, తొందరపడకుండా పేరు రాసింది. ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది వేసింది. తిరిగి బిడ్డను తీసుకునేటప్పుడు ఆ సిరా బిడ్డ తెల్లచొక్కా మీద అంటుకుంది. చెంగుతో తుడిచింది, పోలేదు.

“ఏమ్మా?” అన్నాను.

“ఏం లేదన్నా” అనింది.

సాయంత్రం బజారులో మా నాయన చీరె, రవిక గుడ్డ కొనిచ్చినాడు. ఆమె బస్సెక్కింది. బోరు మూడు వందల ఇరవై అడుగులు దించినాం. తెల్ల సుద్దపొడి లేచింది గానీ తడి తగల్లేదు.

కొన్నాళ్ళకు స్టేషన్ దగ్గర టీకొట్లో సారు కనిపించినారు. రిటైరై ఉన్నారు. చెప్పుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు.

“మీ చెల్లెలు ఏమనింది?”

“ఏమనలేదు సార్.”

“మీ నాయన ఏమడిగినాడు?”

ఆలోచించి చెప్పినాను. “ఏమడగలేదు సార్. మేమెవరమూ ఏమడగలేదు.”

సారు గ్లాసు కింద పెట్టినారు. “లియర్ అడిగినాడు రా. తప్పు మాటే అడిగినాడు. అయినా బిడ్డను నిలబెట్టి అడిగినాడు” అన్నారు.

నా మొగుడు, నా ఇల్లు, నా పిల్ల అన్నీ పోను నీకు ఇంత ఇస్తాను నాయనా అని లెక్క చెప్పే అవకాశం కార్డీలియాకు ఆ సభ ఇచ్చింది. దాని ఫలితం ఘోరమే. కానీ ఆమె గొంతు వినడానికి ఒక సభ ఉంది. మా చెల్లెలికి వేపచెట్టు కింద ఆ సభ లేదు. ఆ రోజు ఆమెను ఒక ప్రశ్న అడిగినవాడు ఒక్కడే ఉన్నాడు, లోపల బల్ల వెనక కూచున్న అధికారి. చట్ట ప్రకారం అడగాలి కాబట్టి అడిగినాడు. రాసిచ్చింది నువ్వేనా అని. అవును సార్ అనింది.

నాయన పోయినాక, సారు మాట మనసులో పెట్టుకుని, చెల్లెలి వాటా ఆమె పేర తిరిగి రాయించడానికి పోయినాను. వద్దనింది. ఆ బీడు నాకెందుకన్నా, అడిగినావు చాలు అనింది. నేను ఊరుకోలేదు, రాయించినాను. దస్తావేజులో ప్రేమాభిమానముల వాక్యం దగ్గరికి వచ్చేసరికి రైటరును నిదానంగా చదవమన్నాను. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు, అయినా నిదానంగానే చదివినాడు.

ఈ ఉపన్యాసం అయిన వెంటనే మన కాలేజీ పిల్లలు ఈ దృశ్యాన్ని ఇదే వేదిక మీద ఆడతారు. వాళ్ళే రాసుకున్నారు. రాజు ఒక పాలిష్ ఫ్యాక్టరీ యజమాని, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. సంతకం పెట్టాలా వద్దా అని పిల్లల మధ్య పది రోజులు గొడవ జరిగింది. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. చివరికి ఏం తేల్చుకున్నారో నాకూ తెలియదు, మీతోపాటే చూస్తాను.

ఒక్కటి మాత్రం అడిగినాను. అధికారి పాత్ర వేసిన కుర్రవాడు, ఇది నీ ఇష్టపూర్వకంగానే రాసిచ్చినావా అమ్మా అని అడుగుతాడు. అక్కడ ఆ అమ్మాయికి ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకోమన్నాను. హార్మోనియం వాయించొద్దన్నాను. చప్పట్లు కూడా అప్పుడే కొట్టకండి. వెనక కూచున్నవాళ్ళకు ఆమె మాట వినబడకపోవచ్చు, మైకు దగ్గరగా పెట్టించినాను.

తెర తీయండి నాయనా.